ఒక్క మనిషి ఉన్న ఖాతా

106వ రోజు

"మధ్యాహ్నం అన్నానికి కూర్చునే లోపల తెచ్చి నీ చేతిలో పెడతా, అబ్బాయ్" అని మా బావ సుధీర్ నాకు మాట ఇచ్చి యాభై ఏళ్ళయింది. తెస్తానన్నది నా పాస్‌పోర్టు. వీసా ముద్ర పడి బందరు పోస్టాఫీసుకి వచ్చింది. మర్నాడు సాయంత్రం నా విమానం. నెదర్లాండ్స్‌లో నేల శాస్త్రం చదవడానికి సీటు. బావ పొద్దుగూకాక వట్టి చేతులతో వచ్చాడు. కాలవ దాటించే పంటు దిగుతుంటే జేబులోంచి జారి నీళ్ళలో పడిపోయిందన్నాడు. సీటు పోయింది. ఆ తరవాత ఆయన ముప్ఫై ఏళ్ళు బతికాడు. నేను ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఇవన్నీ ఈ పుస్తకంలో రాయకూడదు. ఇది నాచు పుస్తకం. డెబ్బై దాటినవాళ్ళకి మలిచదువు హక్కు వచ్చాక, నా డెబ్బై రెండో ఏట, గ్రీన్‌లాండ్ దక్షిణ తీరంలో మంచు తప్పుకున్న బండల మీద కొత్త నేల తయారుచెయ్యడం నేర్చుకుంటున్నాను. నాచు పెంచే పళ్ళేనికి ఏం చేశామో రోజూ రాయమన్నారు. రాస్తాను. మిగతాది కూడా రాస్తాను. ముప్ఫై అయిదేళ్ళు బెజవాడలో ప్రూఫులు దిద్దాను. పెద్దమనుషుల పుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దడానికే నాకు జీతం ఇచ్చారు, వాళ్ళు రాసిన అబద్ధాల జోలికి పోనివ్వలేదు. ఇక్కడ నన్ను ఆపేవాళ్ళు లేరు.

పళ్ళెం 14: వేడి ఆరు డిగ్రీలు. నాచు అంచుల్లో పచ్చబడింది. రెండు గరిటెల మంచునీళ్ళు పోశాను.

ఈ ఉదయం చూస్తే, కబుర్లు పంపే నా ఖాతా ఆగిపోయి ఉంది. చెవిపూస నొక్కితే "మీరు మీరని మాకు నమ్మకం కలగడం లేదు" అంటోంది. డెబ్బై రెండేళ్ళలో చాలామంది నన్ను నమ్మలేదు గాని, ఈ మాట అన్నది ఇదొక్కటే.

నిన్న ఆయిషా ఇక్కడి ఆఫీసుకి ఫోన్ చేసింది. ఉప్పులంకలో మా అక్క పక్కింటి పిల్ల. పిల్ల అంటే నలభై అయిదేళ్ళుంటాయి, పంటు నడుపుతుంది. కరకట్ట మూడోసారి తెగిందట. ఈసారి కట్టరట. ఊరిని సముద్రానికి వదిలేస్తున్నారు. నా లెక్కలో 118వ రోజున, పౌర్ణమి పోటుకి ముందు, ఆఖరి పంటు. ఊళ్ళో అందరూ మెట్ట మీది కొత్త కాలనీకి వెళ్ళిపోతున్నారు. మా అక్క లావణ్య తప్ప.

ఎనభై దాటినవాళ్ళని వాళ్ళ నోటిమాట లేకుండా ఇల్లు కదిలించకూడదని చట్టం. అక్కకి ఎనభై రెండు.

వెంటనే అక్కకి కబురు పంపాను. అంతే, ఆగిపోయింది.

107వ రోజు

పళ్ళెం 14: మార్పు లేదు. జల్లెడ పట్టాను. నడుం పట్టేసింది.

ఖాతాల గదికి వెళ్ళాను. అక్కడ నివి అనే అమ్మాయి ఉంటుంది, ఈ ఊరి పిల్లే. ఆమె తన భాషలో మాట్లాడితే నా చెవిలో తెలుగు వినిపిస్తుంది. ఆ తెలుగుని తయారుచేసినవాడెవడో నాకు దొరకాలి.

"గౌరవనీయులైన వృద్ధ విద్యార్థీ, మీ ఖాతా స్తంభింపజేయబడినది" అంది. ఆమె నిజంగా అన్నవి నాలుగు మాటలు కూడా ఉండవు.

"ఎందుకు?"

నివి తెర చూసి కాస్త ఇబ్బందిపడింది. "ఈ ఖాతాదారు ఇంతవరకు ఎవరినీ బతిమాలి ఉండలేదు. మొన్న బతిమాలెను. తొందరపెట్టెను. ఇల్లు విడువుమనెను. దొంగ గొంతులు ఎల్లప్పుడూ ఇట్లే చేయును."

రోజూ పొద్దున పళ్ళెం పని అయ్యాక అక్కకి కబురు పంపుతాను. "ఏం ముసలీ, మాత్ర వేసుకున్నావా, పిల్లికి పెట్టావా" అని మొదలుపెట్టి, తిట్టాల్సింది తిట్టి, ఆ రోజు మాకు చెప్పిన పాఠం మొత్తం చదివి వినిపిస్తాను. ఆమెకి చూపు ఆనదు. మట్టి పాఠాలు ఆమెకెందుకో నాకు తెలియదు గాని, ఒక్కరోజు ఆలస్యమైతే "ఏరా, ఇయ్యాల అయ్యవారు రాలేదా" అని కబురు పెడుతుంది. ఇన్నాళ్ళూ నేను పంపినవన్నీ తిట్లూ పాఠాలే. మొన్న మాత్రం "అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ ఇల్లు వదిలి పంటు ఎక్కు, త్వరగా" అన్నాను. ఏడ్చాను కూడా. అది నేను కాదని ఖాతా తేల్చేసింది. తప్పు పట్టలేను. నేనైనా నమ్మేవాణ్ణి కాదు.

"విడిపించడం ఎలా?"

ఒక సాక్షి కావాలట. ఈ ఖాతాతో ఏడాదికి పైగా మాట్లాడుతున్న మనిషి ఎవరైనా సరే. సాక్షి ఒక సంగతి ఎంచుకుని, జరిగింది జరిగినట్టు ఖాతావాళ్ళకి రహస్యంగా చెబుతారు. నాకు ఆ సంగతి పేరు మాత్రమే చెబుతారు. నేను నాకు తెలిసినట్టు చెప్పాలి. రెండూ కలిస్తే ఖాతా తెరుచుకుంటుంది. మూడుసార్లు చెప్పవచ్చు. మూడోసారి కూడా కలవకపోతే ఖాతా చెరిపేస్తారు, అందులో ఉన్న మాటలతో సహా.

"ఎవరిని పిలువమందురు?" అంది నివి. తరవాత తెర వైపు చూసి గొంతు తగ్గించింది. "మీ ఖాతాలో ఉన్నది ఒక్క మనిషి."

మిగతావాళ్ళని నేనే తీసేశాను. ఒక్కొక్కరితో ఒక్కో గొడవ. ఎవరి విషయంలోనూ నాది తప్పు కాదు, ఇప్పటికీ అదే అంటాను. కాని ఆ తెర మీద ఒకే ఒక్క పేరు చూడడం బాగాలేదు.

109వ రోజు

పళ్ళెం 14: నీళ్ళు ఎక్కువ పోశానని మాస్టారు చీవాట్లు పెట్టారు. ఆయన వయసు ముప్ఫై రెండు.

సాక్ష్యం కోసం ఖాతావాళ్ళ మనిషి అక్క దగ్గరికి వెళ్ళడానికి రెండు మూడు రోజులు పడుతుందట. ఈలోగా ఆయిషా తన ఫోన్ పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళింది. నేను ఇక్కడి ఆఫీసు ఫోన్లో లైన్లో ఉన్నాను.

"పెద్దమ్మా, ప్రవీణ్ బాబాయ్. మాట్లాడు."

"అక్కా, నేనే" అన్నాను.

"ఎవరూ?"

"ప్రవీణ్‌ని."

"ఆహా. నువ్వు మూడోవాడివి నాయనా" అంది అక్క. "అట్టాంటి తమ్ముళ్ళు నాకు ఇంతకుముందే ఇద్దరొచ్చారు. ఒకడు తలుపులు తీసుకుపోయాడు. ఇంకోడు కిటికీలు తీసుకుపోయాడు. నీకు ఏం కావాలి, గడపలా?"

నిరుడు జరిగింది అది. నా గొంతుతో ఎవడో "అక్కా, ఇంటి కప్పు బాగుచేయిస్తున్నాను, రెండు రోజులు బడిలో ఉండు" అన్నాడు. వెళ్ళింది. వచ్చేసరికి తలుపులూ నీళ్ళ ట్యాంకూ లేవు. కొత్త తలుపులు పెట్టిస్తానని నా గొంతుతోనే ఇంకోడు వచ్చి కిటికీలు పట్టుకుపోయాడు. అప్పటినుంచీ నా ఖాతాలోంచి వస్తే తప్ప నా మాట నమ్మదు. నా కబురైతే ఆమె చెవిపూస ముందు రెండుసార్లు టిక్కుమంటుంది. ఆ చప్పుడు లేకుండా నేను ఎదురుగా వచ్చి నిలబడినా నమ్ముతుందో లేదో.

"అక్కా, నీ ఎడమ మోకాలు మీద మచ్చ ఉంది, నేను రాయి విసిరితే తగిలింది."

"ఆ సంగతి మందుల షాపు కంప్యూటర్‌కి కూడా తెలుసు."

"ఊరు మునిగిపోతోంది, పంటు ఎక్కవే."

"చూశావా ఆయిషా, తొందరపెడుతున్నాడు. మా వాడు నన్ను తొందరపెట్టడు, తిడతాడు. పెట్టేయమ్మా ఫోను."

ఆయిషా బయటికి వచ్చి అంది. "బాబాయ్, ముంగిట్లోకి నీళ్ళొచ్చినై. మంచం కింద ఇటుకలు పెట్టించుకుంది. నీ కబురొచ్చేదాకా కదలనంటంది. నేను ఎత్తుకుపోదామంటే నా లైసెన్సు పోద్ది."

మా అమ్మానాన్నలు తుఫానులో పోయినప్పుడు అక్కకి పదిహేను, నాకు అయిదు. ఆ మూడు రోజులూ నన్ను భుజం మీద నుంచి దింపలేదట. ఇప్పుడు ఆమెని ఎత్తుకునే మనిషి ఉన్నా నా మాట లేక ఆగిపోయింది.

112వ రోజు

పళ్ళెం 14: నాచు రెండు వేళ్ళ మేర పాకింది.

అక్క సాక్ష్యం చెప్పింది. నివి నన్ను చిన్న గదిలో, మాటలు విని పోల్చే డబ్బా ముందు కూర్చోబెట్టి చీటీ చదివింది. సంగతి పేరు: పాస్‌పోర్టు పోయిన రోజు.

నవ్వొచ్చింది. ఇంతకంటే తేలిక ఏముంది? యాభై ఏళ్ళుగా నేను ఎవరికి చెప్పలేదు గనక. ప్రెస్సులో చెప్పాను, రైళ్ళలో చెప్పాను, ఇక్కడ చేరేటప్పుడు దరఖాస్తులో కూడా రాశాను. గొంతు సవరించుకుని మొత్తం చెప్పాను. బందరు పోస్టాఫీసు, పంటు, జేబు, కాలవ, బావ.

డబ్బా కాసేపు ఆలోచించింది. నివి తెర చూసింది.

"కలవలేదు" అంది.

114వ రోజు

పళ్ళెం 14: చూడలేదు.

రెండోసారి చెప్పాను. తేదీ తప్పు చెప్పానేమోనని పాత కాగితాలు వెతికి సరిచేశాను. ఆ రోజు ఇంట్లో వండిన కూర, బావ వేసుకున్న చొక్కా రంగు, అన్నీ చేర్చాను. ప్రూఫులు దిద్దినవాణ్ణి, వివరం దగ్గర పొరపాటు జరగనివ్వను.

కలవలేదు.

నివి లేచి వచ్చి నాకు వేడినీళ్ళు ఇచ్చింది. నా చెవిలో తెలుగు చెప్పే యంత్రం ఇన్నాళ్ళుగా నా మాటే వింటోంది. అది కూడా కాస్త నేర్చుకున్నట్టుంది. "ఒక్కటే మిగిలింది బాబాయ్ గారూ" అంది. "తొందరపడమాకండి."

ఆయిషాకి ఫోన్ చేశాను. నీళ్ళు గడప దాటాయట.

"అక్క నీతో ఏమన్నా అందా? సాక్ష్యం గురించి?"

"అంది బాబాయ్. 'ఇది మా ఇద్దరికే తెలిసిన సంగతి. అసలువాడైతే ఠక్కున చెప్తాడు, దొంగవాడైతే ఊళ్ళో చెప్పుకునే మాట చెప్తాడు' అంది. నువ్వు ఠక్కున చెప్పేశావు గదా?"

చెప్పలేదని ఒప్పుకున్నాను. పెద్దమ్మకి చెప్పొద్దన్నాను. "నేనేం చెప్పనులే బాబాయ్" అంది ఆయిషా.

116వ రోజు

పళ్ళేనికి నీళ్ళు పోసి వచ్చి కూర్చున్నాను.

మా ఇద్దరికే తెలిసిన సంగతి. పాస్‌పోర్టు కాలవలో పడిందని ఊరంతటికీ తెలుసు. బావని చూసి పిల్లలు కూడా నవ్వేవాళ్ళు. అయితే ఊళ్ళో చెప్పుకునే మాట వేరు, జరిగింది వేరు.

ఆ సాయంత్రాన్ని ఒక ప్రూఫు కాగితంలా ముందు పెట్టుకున్నాను. ముప్ఫై అయిదేళ్ళు నా పని అదే. కాగితంలో ఉన్న తప్పు అందరికీ కనిపిస్తుంది. ఉండాల్సినది లేకపోతే మాత్రం మంచి ప్రూఫు రీడరే పట్టుకోగలడు.

బావ దివిసీమ మనిషి. కాలవలో చెంబు పడితే దూకి తీసేవాడు. ఆ రోజు చొక్కా పొడిగా ఉంది. నీలం చొక్కా, మొన్ననే డబ్బాకి నేనే చెప్పాను. ఎందుకు దూకలేదని యాభై ఏళ్ళలో నేను అడగలేదు.

అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. సంత నుంచి కరివేపాకు తేవడం మర్చిపోయినందుకు మా అక్క బావని మూడు రోజులు సాధించిన రోజులు నాకు తెలుసు. తమ్ముడి బతుకు కాలవపాలు చేసి వచ్చిన మొగుణ్ణి ఆ సాయంత్రం ఆమె ఒక్క మాట అనలేదు. పళ్ళెంలో అన్నం పెట్టింది. నెయ్యి కూడా వేసింది.

ముందు కోపం వచ్చింది. నాకు బాగా అలవాటైన కోపమే, కాని ఈసారి దానికి వెళ్ళడానికి చోటు లేదు. ఇరవై ఏళ్ళ కిందట పోయిన మనిషి మీద ఇన్నాళ్ళూ హాయిగా పడుకుంది. ఇప్పుడు లేపి, నీళ్ళలో మంచం మీద నా కబురు కోసం చెవి రిక్కించుకుని కూర్చున్న ఎనభై రెండేళ్ళ మనిషి మీదికి పంపాలి. అది వెళ్ళలేదు. గుమ్మంలోనే నిలబడిపోయింది.

ఆ రోజు నాకు పోయిన చదువు, ఈ మట్టి పాఠాలు, ఆమెకెందుకో కూడా అప్పుడు అర్థమైంది.

117వ రోజు

నేను ఊహించింది తప్పయితే అక్కతో నాకు ఉన్న ఒక్క దారీ పోతుంది. రేపు మధ్యాహ్నం ఆఖరి పంటు. నివి తలుపు వేసి పక్కనే కూర్చుంది. కూర్చోకూడదని రూలు ఉందట.

డబ్బాతో ఇలా చెప్పాను.

"ఆ రోజు మా బావ పాస్‌పోర్టు తెచ్చాడు. చెప్పిన వేళకే, అన్నం వేళకే తెచ్చాడు. నేను స్నేహితుల్ని కలవడానికి నాగాయలంక వెళ్ళాను, ఇంట్లో లేను. మా అక్క దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుంది. మళ్ళీ ఇవ్వలేదు. నన్ను అయిదేళ్ళప్పుడు ఎత్తుకుంది, ఇరవై రెండేళ్ళొచ్చినా దింపలేకపోయింది. నేను వెళ్తే మళ్ళీ రానని భయపడింది. ఆ నింద తన మీద వేసుకోమని బావని అడిగింది. ఆయన వేసుకున్నాడు. సాయంత్రం దాకా ఎక్కడో తిరిగి, వట్టి చేతులతో వచ్చాడు. దాన్ని ఏం చేసిందో నాకు తెలియదు. నాకు తెలిసింది ఇంతే."

డబ్బా చాలాసేపు తీసుకుంది. నివి నా చెయ్యి పట్టుకుని ఉందని తరవాత గమనించాను.

"కలిసింది" అంది నివి. "బాబాయ్ గారూ, కలిసింది."

చెవిపూస తెరుచుకుంది. అక్క కబుర్లు పదకొండు ఉన్నాయి, రోజుకొకటి. అన్నీ ఒకటే. "ఏరా, ఇయ్యాల అయ్యవారు రాలేదా?"

ఇక బతిమాలలేదు. నాకు బుద్ధొచ్చింది.

"ఏం ముసలీ, బుద్ధుందా? ఇంట్లో చేపలు ఈదుతుంటే మంచమెక్కి కూర్చుంటావా? ఆ మంచాన్ని పడవ అనుకున్నావా? మాత్రలు, పిల్లి, రెండు చీరలు. మూడోది ముట్టుకున్నావంటే చూడు. రేపు ఆయిషా పంటు ఎక్కకపోతే నా పాఠాలు పక్కింటావిడకి చెప్పుకుంటాను. ఇవాళ పాఠం విను: కొత్త నేల కట్టేటప్పుడు మొదట పాకేది నాచు. దానికి వేరు ఉండదు. పట్టుకోవడమొక్కటే తెలుసు..."

పాఠం పూర్తిగా చదివాను. పది నిమిషాల్లో జవాబు వచ్చింది.

"నువ్వేరా" అంది అక్క. తరవాత పక్కకి తిరిగి, "ఆయిషా, ఆ సంచీ ఇటు అందుకో. మా వాడు వచ్చాడు."

118వ రోజు

పళ్ళెం 14: నాచు పళ్ళెం మధ్యకి వచ్చేసింది. మాస్టారు ఏమీ అనలేదు, అంటే బాగున్నట్టే.

ఆయిషా పంటు మీద నుంచి ఫోన్ చేసింది. అక్క ముందు బల్ల మీద కూర్చుందట, ఒళ్ళో పిల్లి. చీరలు అయిదు తెచ్చుకుందట. "ఎన్నిసార్లు తప్పు చెప్పావో పెద్దమ్మతో నేను అన్లేదు బాబాయ్. ఆమె అడగనూ లేదు" అంది ఆయిషా.

కాసేపటికి అక్క నుంచి కబురు. పంటు చప్పుడూ నీళ్ళ చప్పుడూ వెనకాల వినిపిస్తున్నాయి.

"ఒరే, నిన్నొకటి అడుగుతా. యాభై ఏళ్ళనుంచీ అడుగుదామనుకుంటన్నా. ఆ పాస్‌పోర్టుని ఆ రోజే రేవులో వదిలేశా. అంటే మీ బావ అబద్ధంలో సగం నిజమే, కాలవలోనే పడింది. నీకు మొదట్నుంచీ తెలుసు గదా? ఆయన పోయే ముందు అన్నాడు, 'వాడికి తెలిసే ఉంటుందే, అంత చదివినోడు. నిన్ను అనలేక నన్నంటన్నాడు. అననీ, నాకేం బరువు' అని. నువ్వు ఆయన్ని తిట్టినప్పుడల్లా, నన్ను తిట్టట్లేదు, దాస్తన్నాడు అనుకునేదాన్ని. ఆ ధైర్యంతోనే బతికానురా. తెలుసు గదా నీకు?"

నివి నా ముందే ఉంది. నా మొహం చూసి కిటికీ వైపు తిరిగింది.

ఇన్నేళ్ళు ఆమె నన్ను నాకంటే మంచివాణ్ణి అనుకుంది. నిజం చెబితే ఆమె దగ్గర ఉన్న ఆ తమ్ముడు పోతాడు. తలుపులూ కిటికీలూ ఎలాగూ పోయాయి.

"తెలుసు అక్కా" అన్నాను. "మొదటినుంచీ తెలుసు."

ఖాతా ఈసారి నన్ను అనుమానించలేదు.

"మరి ఇంకా ఆయన్నే తిడతావా?" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు, నీళ్ళ చప్పుడు ఎక్కువగా ఉంది.

తిడతాను. మోస్తానని ఒప్పుకున్న మనిషి ఆయన, దింపమని ఎప్పుడూ అడగలేదు. ఇంకొన్నాళ్ళు మోస్తాడు. ఈ పుస్తకం చదివేవాళ్ళెవరైనా, నా సీటు పోగొట్టింది ఎవరని అడిగితే నా జవాబు మారదు. మా బావ, వక్కలగడ్డ సుధీర్.